బియు పిల్లంగోవి మూడో బెజ్జం

జూలై 4, రెసిఫే

కుడి చెవికి జలుబు దిగింది. అంతకు మించి ఏం లేదు.

సోమవారం పొద్దున లేచేసరికి ఆ వైపు దూది కూరినట్టుంది. ఇవాళ్టికి దిబ్బడ తగ్గింది. కానీ మా పల్లె ఫిడేలు రబెకా తీసి కమాను ఆనిస్తే మూడో స్వరం దిగిపోయి పలుకుతోంది. తీగ బిగించాను. అనుమానం వచ్చి మాలి దేశం నుంచి తెచ్చుకున్న కోరా తీశాను. అదీ దిగింది. తర్వాత జపాను కోతో, ట్యునీసు ఊద్, చివరికి మూల పడున్న పియానో. ఇంట్లో పదకొండు దేశాల వాయిద్యాలున్నాయి. ఒకే వారంలో, ఒకే స్వరం దగ్గర అన్నీ చెడిపోయాయి.

తేమ. సముద్రపొడ్డున ఉన్న రెసిఫేలో జూలైలో తలుపులే సరిగ్గా పడవు, వాయిద్యాలదేముంది.

రోజంతా కూర్చుని అన్నిటినీ సరిచేశాను. నడుం పోయింది.

జూలై 6

రిహార్సల్. నలుగురం మిరేలా ఇంట్లో కలిశాం. సెప్టెంబరులో లిస్బన్‌లో కచేరీ. మా పల్లె పాటల్ని ఊద్‌తో, కోతోతో కలిపి వాయిస్తాం కదా, పత్రికలవాళ్ళు దానికేదో గొప్ప పేరు పెట్టారు. ఊళ్ళో మా మామయ్య మాత్రం కలగూరగంప అంటాడు.

రెండో పాటలో మిరేలా అకార్డియన్ ఆపేసి, "నిల్దా, నువ్వు పైకి పోతున్నావే," అంది.

"నీ పెట్టెకి తేమ పట్టింది. ముందు దాని సంగతి చూసుకో," అన్నాను.

పదిహేనేళ్ళలో దానితో అలా మాట్లాడలేదు. అది ముఖం ముడుచుకుని పెట్టె సర్దుకుంది. కాఫీ తాగకుండా వచ్చేశాను.

జూలై 9

చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఏవో కూతలు వినిపించి పరీక్ష చేశాడు. మాత్రలిచ్చాడు. ఇంకా ఏదో చెప్పాడు.

జూలై 10

ఊరి నుంచి అనాక్లెతో మామయ్య ఫోన్. మా అమ్మ తమ్ముడు. నా చేతికి మొదటి పిల్లంగోవి ఇచ్చినవాడు.

"ఏమే, దేశాలు పట్టుకు తిరిగేదానా, బతికున్నావా?"

"ఉన్నాను మామయ్యా."

"బియు పోయి నాలుగు నెలలైంది. వచ్చే బుధవారం నుంచి తొమ్మిది రోజులు సాంతానా తల్లి నవనాళ్ళు. రెండో పిల్లంగోవి లేకుండా పండగ చెయ్యమంటావా? నేనొక్కణ్ణే ఊదితే ఊళ్ళో వాళ్ళు నవ్వరూ?"

బియు మామయ్య పక్కన నిలబడి యాభై ఏళ్ళు ఊదినవాడు. మార్చిలో పోతే నేను కొరియాలో ఉండి వెళ్ళలేకపోయాను. ఇప్పుడు కాదని ఎలా అనను? వెంటనే మిరేలాకి సందేశం పెట్టాను: మామయ్యకి నా అవసరం ఉంది, ఊరెళ్తున్నాను, లిస్బన్ సంగతి తర్వాత చూద్దాం.

మామయ్య కోసమే వెళ్తున్నాను.

జూలై 12, ఊళ్ళో

బస్సు కరువారు పట్నం దాటగానే ప్రాణం కుదుటపడింది. ఇక్కడ చల్లగా, పొడిగా ఉంది. తేమ లేదు.

మామయ్యకి డెబ్బై ఎనిమిదొచ్చినా నిటారుగానే ఉన్నాడు. మేకమాంసం, మొక్కజొన్న కుస్కుస్ పెట్టి, తిన్నాక బియు పిల్లంగోవి నా ఒళ్ళో పెట్టాడు. "ఎర్మీనియా పంపింది. తన మొగుడి ముక్క జాగ్రత్త అంది." ఎర్మీనియా అంటే బియు భార్య.

మా ఊళ్ళో పిల్లంగోవుల్ని జంటగా చేస్తారు. ఒకే వెదురు బొంగు కోసి, ఒకే రోజు, ఒకే ఇనప ఊచతో బెజ్జాలు కాల్చి. వాటిని ఆలుమగలంటారు. మామయ్యది మొగుడు, బియుది పెళ్ళాం. ఆ పెళ్ళాం మూడో బెజ్జంలో పలికే స్వరం పియానో మెట్ల మీద ఎక్కడా దొరకదు. రెండు మెట్ల మధ్యలో ఉంటుంది. ఇరవై రెండేళ్ళప్పుడు అదే స్వరాన్ని ట్యునీసులో ఒక ముసలాయన ఊద్ మీద విని నడిరోడ్డు మీద నిలబడిపోయాను. మా బియు స్వరం ఇక్కడికెలా వచ్చిందని. నా సంగీతమంతా ఆ ఒక్క స్వరం పట్టుకుని అల్లినదే. నాకు పేరొచ్చింది, ఇల్లొచ్చింది, అంతా దాని చలవే.

జూలై 13

పొద్దున పెరట్లో బియు పిల్లంగోవి ఊదాను. మూడో బెజ్జం దిగిపోయి పలుకుతోంది.

వాడకుండా నాలుగు నెలలు పెట్టెలో పడుంది కదా. ఎండిపోయి ఉంటుంది.

జూలై 14

ఊచ ఎర్రగా కాల్చి మూడో బెజ్జం కొంచెం పెద్దది చేశాను. గోటి అంచంత. మామయ్య సంతకెళ్ళాడు, ఇంట్లో ఎవరూ లేరు.

ఇప్పుడు బాగుంది. బాగానే ఉంది.

ఫోన్‌లో శ్రుతి చూసుకోవచ్చు కానీ ఈ స్వరం ఏ ఫోనుకీ తెలీదు. నా పాత రికార్డుతో పోల్చుకుందామని పెట్టి విన్నాను. బియు ఊదిన ప్రతి చోటా పైన నేనే ఊద్, రబెకా, కోరా కలిపేశాను. ఆయన స్వరం విడిగా ఎక్కడా లేదు.

జూలై 15

డోలు, పళ్ళెం తాళాలతో సహా అందరం కలిసి మొదటిసారి వాయించాం. నేను బియు చోట నిలబడ్డాను, మామయ్యకి కుడి పక్కన. రెండు పాటలయ్యాయి. మామయ్య ఏమీ అనలేదు. తప్పుంటే చెవి మెలేసే మనిషి, ఏమీ అనలేదంటే బాగున్నట్టే.

డోలు వాయించే టోన్యో మాత్రం కర్రలు కింద పెట్టి, "ఏంటి మేష్టారూ, పెళ్ళాం మొగుణ్ణి కరుస్తోంది?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే మామయ్య అందుకున్నాడు. "తేమరా. వానాకాలం కదా, అలాగే ఉంటుంది. రేపటికి సర్దుకుంటుంది."

టోన్యో ఆకాశం వైపు చూశాడు. పది రోజులుగా చుక్క పడలేదు.

తేమ అనేది నా అబద్ధం. మామయ్యకెందుకొచ్చింది అది?

జూలై 16

రాయాలి. 

కాఫీ తాగుతుంటే అడిగేశాను. "మామయ్యా, టోన్యోకి వినపడింది మీకు వినపడలేదా?"

"నాకు వినపడకపోవడమేంటే? నువ్వు పాలు తాగే వయసులో నేను..."

"మరి కరుస్తోందా లేదా?"

"కొంచెం..."

"ఎక్కడ?"

 గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. అరవై ఏళ్ళ సంగీతం ఉన్న మనిషి, ఎక్కడ తప్పిందో చెప్పలేకపోయాడు. నాకు ఒక్కసారి అంతా అర్థమైంది. ఎందుకంటే రెసిఫేలో మిరేలా ముందు నేనూ అచ్చం ఇలాగే తేమ మీదికి నెట్టి తప్పించుకున్నాను.

"మామయ్యా, నా కుడి చెవి పాడైంది," అన్నాను. అనేసరికి ఏడుపు ముంచుకొచ్చింది. "రెండు చెవుల్లో రెండు స్వరాలు వినపడుతున్నాయి. కుడి దాంట్లో అన్నీ దిగిపోయి పలుకుతున్నాయి. మీకోసం కాదు నేనొచ్చింది, పారిపోయి వచ్చాను. బియు పిల్లంగోవి కాల్చాను. మూడో బెజ్జం. నాశనం చేశాను."

తిడతాడనుకున్నాను. లేచి వెళ్ళి వీధి తలుపు వేసొచ్చాడు.

"నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు సావ్ జొవావ్ పండగలో పక్కనే నాటు తుపాకీ పేలింది," అన్నాడు. "కుడి చెవి ఆ రోజే పోయింది. నీకు దిగిపోయైనా వినపడుతోంది, నాకు అసలేమీ లేదు. బావి."

"మరి యాభై ఏళ్ళు... బియు మీ కుడి పక్కనే కదా నిలబడేవాడు?"

"అక్కడే నిలబడేవాడు."

"వినపడేవాడు కాదా?"

"సగం కూడా కాదు. వాడి భుజం చూసి ఊదేవాణ్ణి. భుజం లేస్తే ఊపిరి, వాలితే అయిపోయినట్టు. ఊళ్ళో అందరూ ఏమనేవారు? 'ఆహా, అనాక్లెతో, బియు ఒకళ్ళ కళ్ళల్లోకి ఒకళ్ళు చూసుకుని ఊదుతారు, ఎంత ప్రేమో' అని. ప్రేమ ఎక్కడిదే, చెవుడు!"

నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆయనకీ వచ్చింది. కాఫీ ఒలికిపోయింది. కడుపు పట్టుకుని నవ్వుతూ ఏడుస్తూ ఇద్దరం ఎంతసేపు కూర్చున్నామో.

"బియుకి ఒక్కడికే తెలుసు. పెళ్ళాం పిల్లలకి కూడా చెప్పలేదు. చెవిటి వాయిద్యగాడంటే ఎవడు పిలుస్తాడే పండక్కి?"

"నాకిన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు నాకెందుకు చెప్పలేదు?"

రెండు వారాలుగా గుండెల మీదున్న బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టుంది. ఆకలేసింది. పొత్తి ఆకుల్లో ఉడికించిన మొక్కజొన్న పమోన్యాలు నాలుగు తిన్నాను.

జూలై 17

నవనాళ్ళు మొదలయ్యాయి. సాయంత్రం ప్రార్థనకి మామయ్య ఒక్కడే ఊదాడు. నాకు జ్వరమని చెప్పాడు. ముసలాయన అబద్ధాలాడటంలో నాకన్నా ఘనుడు.

అంతకుముందు పొద్దున మామయ్య బియు పిల్లంగోవి పట్టుకుని చూశాడు. "పెద్దదైన బెజ్జాన్ని తేనెమైనంతో పూడ్చుకోవచ్చు. అదేం పెద్ద పని కాదు. ఎంత పూడ్చాలన్నదే. నాకు ఎడమ చెవొకటి, నీకు ఎడమ చెవొకటి ఉన్నాయి. కానీ దాని అసలు గొంతు నేనెప్పుడూ సరిగ్గా వినలేదు. నీకు ఇప్పుడు నీ మీద నమ్మకం లేదు."

"మరి ఎవరు చెప్తారు?"

"యాభై ఏళ్ళు వంటింట్లో కూర్చుని విన్నది ఎవరు?"

ఎర్మీనియా అత్త ముందుకెళ్ళడానికి నాకు మొహం లేదు. కానీ వెళ్ళాను.

ఎర్మీనియా అత్త వాకిట్లో మొక్కజొన్న కండెలు వొలుస్తోంది. "అత్తా, ఒక తప్పు చేశాను," అన్నాను.

"పిల్లంగోవి కాల్చావు."

"ఎవరు చెప్పారు?"

"టోన్యో విన్నాడు, పెళ్ళానికి చెప్పాడు. బెజ్జం అంచు నల్లగా ఉందట కదా. ఇంక ఈ ఊళ్ళో నాకు తెలియక చస్తుందా?"

నేను ముక్కు చీదుకోవడం మొదలుపెట్టాను.

"ఏడవకు. ఏడిస్తే బెజ్జం పూడుతుందా? ఆయనే ఉంటే నిన్ను ఆ ఊచతోనే వాయించేవాడు. నాకంత ఓపిక లేదు. కూర్చో. ఎందుకు కాల్చావు?"

చెవి సంగతి చెప్పాను. రెండోసారి చెప్పడం తేలికైంది. మామయ్య సంగతి చెప్పలేదు, అది నాది కాదు. ఆవిడ కండె వొలుస్తూనే, "ఊదు," అంది.

ఎడమ చేత్తో మైనం ముద్ద చేసి బెజ్జం అంచుకి రాశాను. ఊదాను.

"కాదు. ఇది కీచుమంటోంది."

ఇంకాస్త రాశాను.

"కాదు. ఇప్పుడు మరీ మర్యాదగా ఉంది. చర్చిలో పెళ్ళికూతురు తల దించుకున్నట్టుంది. ఆయనది అలా ఉండేది కాదు. అక్కడికొచ్చేసరికి వెక్కిరించేది."

"వెక్కిరించడమేంటి అత్తా?"

"ఏమో, నాకేం తెలుసు మీ శాస్త్రం. నేనేదో కోపంగా అంటున్నాననుకో, వెనక నుంచి నా గొంతుతోనే నన్ను వెక్కిరించినట్టుండేది. తీసెయ్ కొంచెం."

గోటితో గీకాను. ఊదాను. మళ్ళీ రాశాను. ఎండ గోడ దాటి వాకిట్లోకి వచ్చింది. ముప్ఫైసార్లు ఊది ఉంటాను. ఆ స్వరాన్ని నేను ట్యునీసులో పండితుల ముందు కొలిచి లెక్క చెప్పినదాన్ని, చేతిలో కండె పట్టుకున్న ముసలమ్మ ముందు పిల్లలా "ఇదా? ఇదా?" అంటూ కూర్చున్నాను.

ఒకసారి ఊదేసరికి ఆవిడ చేతులాగిపోయాయి.

"మళ్ళీ."

ఊదాను.

"అదీ," అంది. అని లేచి, పొయ్యి మీద కుండ పెట్టొచ్చానంటూ లోపలికి వెళ్ళిపోయింది. లోపల పొయ్యి వెలిగించి లేదు. నేను తలుపు దగ్గరికి వెళ్ళలేదు. అక్కడే కూర్చుని మైనం గట్టిపడేదాకా పిల్లంగోవిని ఒళ్ళో పెట్టుకున్నాను. ఇంత తేలిగ్గా ఊపిరి పీల్చుకుని ఎన్నాళ్ళైందో.

జూలై 18

అసలు గండం గట్టెక్కలేదు. పిల్లంగోవి బాగైంది, నా చెవి బాగవ్వలేదు. కుడి పక్కకి పట్టుకుని ఊదితే స్వరం మొత్తం ఆ దిక్కుమాలిన చెవిలోకే పోతోంది. దూది పెట్టినా తలలోంచి మోగుతోంది.

మామయ్య చూసి, "ఎడమ పక్కకి తిప్పు," అన్నాడు.

"జన్మలో అలా పట్టుకోలేదు."

"నేను పంతొమ్మిదేళ్ళప్పుడు తిప్పాను. అంతకుముందు నేనూ నీలాగే."

ఆయన ఎడమకీ బియు కుడికీ పట్టుకుంటే, తల్లి విగ్రహానికి చేతులు చాచినట్టుంటుందని అలా పెట్టుకున్నారనుకునేదాన్ని. ఈ సంగతి మీద ఒక పత్రికలో వ్యాసం కూడా రాశాను! సిగ్గుతో చచ్చిపోయాను.

తిప్పి పట్టుకుంటే పై చెయ్యి కిందికీ, కింద చెయ్యి పైకీ మారాయి. నలభై ఏళ్ళుగా పైకెళ్ళే పాట కిందికి దిగుతోంది. కోడి గొంతు కోస్తున్నట్టుంది.

జూలై 19

అదే కోడి.

జూలై 20

కోడికి కొంచెం నయం.

నాకు పద్నాలుగు వాయిద్యాలొచ్చని ఎక్కడికెళ్ళినా చెప్పుకుంటారు. ఇది పదిహేనోది అనుకో, అని నాకు నేను చెప్పుకున్నాను. కొత్త దేశం వాయిద్యం, ఆ దేశంలో అందరూ ఎడమ వైపుకి ఊదుతారు. అలా అనుకున్నాక వేళ్ళు కాస్త మాట వింటున్నాయి.

జూలై 22

డాక్టరు ఆ రోజు ఏం చెప్పాడో రాస్తాను. "వైరస్ వల్ల లోపలి చెవి దెబ్బతింది. కొందరికి కొన్ని నెలల్లో తిరిగొస్తుంది. మీకు రాకపోవచ్చు. దానికి సిద్ధపడండి," అన్నాడు.

రాశాను. కొంప మునగలేదు. బయట మామయ్య మేకని తిడుతున్నాడు.

జూలై 23

మామయ్య పక్కన నిలబడి అభ్యాసం. నేను ఎప్పట్లాగే ఆయనకి కుడి వైపు. అంటే ఆయన నా ఎడమ పక్కన, నా మంచి చెవి వైపు. ఆయన పిల్లంగోవి నాకు చక్కగా వినపడుతోంది.

"నువ్వు నన్ను విను. నేను నిన్ను చూస్తాను," అన్నాడు. "అంతే. బియుకీ నాకూ ఇంతకన్నా ఏం లేదు."

చిక్కొకటే. ఇప్పుడు నాదీ ఎడమకి తిరిగింది కాబట్టి దాని కొస ఆయన చెవిలో దూరేట్టుంది.

"మామయ్యా, పొడుచుకుంటుందేమో."

"పొడుచుకోనీ. అదెలాగూ ఖాళీయే."

టోన్యో పక్కనే ఉన్నాడు. "ఏంటి మేష్టారూ ఖాళీ?" అన్నాడు. మామయ్య పిల్లంగోవి దించాడు. నావైపు చూశాడు.

"నా కుడి చెవిరా. యాభై తొమ్మిదేళ్ళుగా ఖాళీ. పోయి నీ పెళ్ళానికి చెప్పుకో."

టోన్యో తొడ చరుచుకుని, "అందుకేనా నేను కుడి పక్క నుంచి కూలీ పెంచమంటే పలికేవారు కాదు!" అన్నాడు.

మామయ్య ఇంటికొచ్చి పగలే పడుకుని నిద్రపోయాడు. గురక వీధిలోకి వినపడింది.

జూలై 26, సాంతానా తల్లి పండగ

నాలుగున్నరకి మొదటి తారాజువ్వ. చీకటింకా విడలేదు, చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. కుడి చెవిలో మైనం పూసిన దూది. చర్చి మెట్ల మీద దుప్పట్లు కప్పుకుని ఊరంతా నిలబడి ఉంది. భయం వేసింది, సిగ్గెందుకు. టోక్యోలో రెండువేల మంది ముందు కూడా ఇంత భయం వెయ్యలేదు.

మామయ్య భుజం లేపాడు. నేనూ లేపాను.

మొదటి పాటలో రెండు చోట్ల వేలు తడబడింది. రెండో పాటలో ఒక్కచోట. మూడోది మూడో బెజ్జం మీదే ఆగి తిరిగే పాట, బియు పాట. అక్కడికి వచ్చాను. నా స్వరం పలికింది, దాని మీద మామయ్యది వచ్చి ఆనింది. రెండూ కలవలేదు, ఎప్పుడూ కలవవు. ఆ మధ్యలో గీరుకునే చోటే మా పాట. గీరుకుంది. వెక్కిరించింది. నాకు ఒక్క చెవితోనే వినపడింది, అయినా మొత్తం వినపడింది. మామయ్య నా భుజం వంక చూస్తూ ఊదుతున్నాడు, కళ్ళు నవ్వుతున్నాయి.

ఇంటింటికీ ఊదుకుంటూ వెళ్ళాం. ఎర్మీనియా అత్త గుమ్మంలో నల్ల శాలువాతో నిలబడి పాటంతా విన్నది. అయ్యాక నా ముఖం వంక చూసి, "ఆయన ఇంతకన్నా బాగా ఊదేవాడు," అంది.

"అవునత్తా."

"సాయంత్రం ఊరేగింపు తొందరగా మొదలుపెట్టండి. నేను చివరిదాకా నడవాలి."

బియు పోయాక ఆవిడ వాకిలి దాటి నడవడం ఇదే మొదలని మామయ్య తర్వాత చెప్పాడు.

జూలై 27

మిరేలాకి ఫోన్ చేశాను. ఈ పని పదిహేను రోజుల క్రితం చేసి ఉండాల్సింది. అది ఎత్తగానే, ఏమైనా అనేలోపే చెప్పేశాను. కుడి చెవి పోయింది, తిరిగి రాకపోవచ్చు, ఆ రోజు పైకి పోయింది నేనే, నీ పెట్టె బంగారంలా ఉంది, నన్ను క్షమించు.

అవతల అకార్డియన్ కింద పెట్టిన చప్పుడు. 

"అంతేనా?" అంది.  "మమ్మల్ని వదిలేసి వేరే బృందం పెట్టుకుంటున్నావనుకున్నాం. ముగ్గురం మూడు వారాలుగా ఏడుస్తున్నాం. లిస్బన్ వాళ్ళకి రామని రాసి పెట్టాను కూడా, పంపడానికి చెయ్యి రాలేదు."

"చెవి లేనిదాన్ని ఏం చేసుకుంటారే?"

"నోరు ముయ్యి, దొంగమొహమా. వేదిక మీద నిన్ను ఏ పక్కన నిలబెట్టాలో చెప్పు."

 మామయ్య గుమ్మంలోంచి ఏమైందని చేత్తో అడుగుతున్నాడు.

"కుడి చివర," అన్నాను. "మీరంతా నాకు ఎడమ పక్కనుండాలి."